వెనక నుంచి కనపడని కాగితం

ముత్యాలయ్య కాగితాన్ని కొనే ముందు చూడడు, వింటాడు. ప్యాకెట్లోంచి ఒక షీటు లాగి చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్లతో విదిలిస్తాడు. గలగలమంటే పొడి కాగితం. తడిగుడ్డలాగా చప్పుడు లేకుండా ఊగితే చెమ్మ పట్టిన కాగితం. సూళ్లూరుపేటలో హోల్‌సేల్ కొట్లవాళ్లు అతను వస్తుంటే “వచ్చినాడయ్యా చెవుల డాక్టరు” అని నవ్వుకుంటారు. నవ్వితే నవ్వనీ. వాళ్లదేం పోయింది, అమ్మేసి చేతులు దులుపుకుంటారు. ఆ తర్వాత ఆ కాగితంతో కాపురం చేయాల్సింది ముత్యాలయ్య.

కాపురం అనే మాట నేను సరదాకి అనలేదు. రైల్వే స్టేషన్ రోడ్డు చివర అతని జిరాక్స్ కొట్టు, కొట్టు వెనక ఒక గది, గదిలో ఒకే మంచం. ఆ మంచం మీద పడుకునేవి కాగితం ప్యాకెట్లు. పులికాట్ సరస్సు మీది నుంచి వచ్చే గాలి వానాకాలంలో ఆ గదినంతా నానబెడుతుంది. గోడకు ఆనిస్తే గోడ చెమ్మ, కింద పెడితే నేల చెమ్మ. అందుకని ప్యాకెట్లను మంచం మీద పేర్చి, పైన దుప్పటి కప్పి, తను కింద చాప పరుచుకుంటాడు. నడుము చెడిన మనిషి చెమ్మ నేల మీద పడుకోకూడదని డాక్టరు చెప్పాడు. “నడుము నొప్పొస్తే నేనొక్కణ్ణే పడతా. కాయితానికి చెమ్మ పడితే వచ్చినోళ్లంతా పడాల గదా” అని ఈయన డాక్టరుకే నచ్చజెప్పి వచ్చాడు.

లేజర్ ప్రింటర్లో సిరా ఉండదని చాలామందికి తెలియదు. ఉండేది నల్లటి పౌడర్. మిషన్ ఆ పౌడర్ని కాగితం మీద అక్షరాల ఆకారంలో పరిచి, వేడి రోలర్ల మధ్య నొక్కి, కరిగించి అతికిస్తుంది. కాగితం పొడిగా, నున్నగా ఉంటే అక్షరం కరుచుకుంటుంది. చెమ్మగా ఉంటే రోలర్ వేడంతా దాన్ని ఆరబెట్టడానికే సరిపోతుంది. దళసరిగా, గరుకుగా ఉంటే ఆ కాగితమే వేడిని మింగేస్తుంది. అప్పుడు అక్షరం చూడటానికి నిండుగా, నల్లగా కనపడుతుంది గానీ పట్టు ఉండదు, బొటనవేలితో రుద్దితే వేలికి వచ్చేస్తుంది. పోనీ బాగా పలచటిది వాడదామా అంటే అది వేడికి చుట్టలు చుట్టుకుంటుంది, ఒక పక్క వేసిన అచ్చు రెండో పక్కకి కనపడుతుంది. ఇవన్నీ ముత్యాలయ్య ప్రతివాళ్లకీ చెబుతాడు. ఆధార్ కార్డు కాపీ కోసం వచ్చినవాడికీ, చెన్నై లోకల్ పట్టుకోవాలని ఒంటికాలి మీద నిలబడ్డవాడికీ కూడా చెబుతాడు. “సరేలే అన్నా, ఏదో ఒక కాయితం, తొందరగా కొట్టన్నా” అంటారు వాళ్లు.

మిషన్లో కాగితం ఇరుక్కుంటే ఏ కొట్టువాడికైనా చిరాకు. ముత్యాలయ్యకు మాత్రం లోలోపల కొంచెం సంతోషం. కాగితం ఇరుక్కుంటే వచ్చినవాడు కాసేపు ఆగాలి. ఆగితే స్టూలు మీద కూర్చుంటాడు. కూర్చుంటే ఏదో ఒకటి మాట్లాడతాడు. మూత తెరిచి, నలిగిన కాగితాన్ని చినగకుండా, నిదానంగా, అవసరమైనదానికన్నా ఇంకొంచెం నిదానంగా లాగుతూ ఆ మాటలు వింటాడు ముత్యాలయ్య. ఆ రోజంతటిలో అతనితో ఎవరైనా మాట్లాడిన మాటలు ఒక్కోసారి అవే. ఆదివారం రోడ్డంతా మూసి ఉన్నా అతను కొట్టు తెరుస్తాడు. బేరం కోసమని జనం అనుకుంటారు. మూసుకుని వెనక గదిలోకి పోతే అక్కడ ఏముంది, కాగితం తప్ప.

స్టూలు మీద కూర్చున్నవాళ్లు ఊసుపోక “ఏ ఊరన్నా మీది?” అని అడిగితే “కొంగలమిట్ట” అంటాడు. సూళ్లూరుపేట అని ఏనాడూ అనలేదు. కొంగలమిట్ట సరస్సు ఒడ్డున పట్టపోళ్ల ఊరు, అంటే వల మీద బతికేవాళ్లది. బస్సు దిగి ఉప్పు నేలలో కొంతదూరం నడిచిపోవాలి.

కొంగలమిట్టలో మగవాడికి ఊరంటే వంతు. సరస్సులో రొయ్య పడే చోట్లు కొన్నే ఉంటాయి. అందరూ ఒకేసారి వలలు కడితే తలలు పగులుతాయి. అందుకని ఏటా వానలు వెలిశాక ఒక రోజు, ఊళ్లో పొయ్యి వెలిగే ప్రతి ఇంటివాడి పేరూ చీటీ మీద రాసి ఇత్తడి బిందెలో వేస్తారు. ఏ వరసలో పేరు బయటికి వస్తే ఆ వరసలో వల కట్టే వంతు. బిందెలో పేరు పడినవాడు ఊరివాడు. పడనివాడు ఎంత దగ్గరి రక్తమైనా సరే, చుట్టమే.

ముత్యాలయ్య పేరు కూడా ఒకప్పుడు ఆ బిందెలో పడింది. రోజాను పెళ్లి చేసుకున్న ఏడు మొదటిసారి వేశారు. ఆ మరుసటేడు రోజా పచ్చకామెర్లతో పోయింది. పిల్లల్లేరు. ఇంకో రెండేళ్లకి గాలివానలో రెండు పడవల మధ్య పడి అతని నడుము దెబ్బతింది. గెడ వేసి పడవ తోయడానికి లేదు, వల లాగడానికి లేదు. నాలుగు నెలలు వైద్యం చేయించుకుందామని సూళ్లూరుపేట వచ్చి, పొద్దుపోక క్రీస్తురాజు అనే ఆయన జిరాక్స్ కొట్టులో కూర్చోవడం మొదలుపెట్టాడు. కూర్చున్నవాడు ఊరికే ఉండలేక కాగితాలు సర్దాడు, సర్దుతూ సర్దుతూ పని నేర్చాడు. క్రీస్తురాజు పెద్దవాడైపోయి కొట్టు అతని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు నెలలు ఎన్నేళ్లయ్యాయో ముత్యాలయ్య లెక్కపెట్టడం మానేశాడు.

పేరు తీసేయాలని ఊళ్లో ఎవరూ పంచాయితీ పెట్టలేదు. పెట్టి ఉంటే వెళ్లి వాదించుకునేవాడేమో. కొంగలమిట్టలో అతని ఇంటి కప్పు ఒక వానకి కూలింది, పొయ్యి ఆరింది, ఆ ఏడు చీటీ రాసేవాళ్లు అతని పేరు రాయలేదు. అంతే. సూళ్లూరుపేట సంతకి వచ్చిన ఎవరో మాటల్లో చెబితే అతనికి తెలిసింది. “అట్టనా” అని, వాళ్లకి కావాల్సిన కాపీలు తీసి ఇచ్చి పంపించాడు. ఆ రాత్రి అన్నం తినలేదని మాత్రం నాకు తెలుసు.

ఈ ఏడు వానలు వెలిసిన కొత్తల్లో ఒక శనివారం పెంచలయ్య కొట్టుకి వచ్చాడు. పెంచలయ్య కొంగలమిట్ట కాపు, అంటే ఊరి మంచీ చెడ్డా చూసే పెద్ద. ముత్యాలయ్యకు వరసకు మామ. వెంట సుబ్బు అనే కుర్రాడు ఉన్నాడు, మోటారు సైకిల్ మీద పెద్దాయన్ని తీసుకొచ్చింది వాడే. ముత్యాలయ్య స్టూలు తుడిచి పెంచలయ్యకు వేశాడు, తన కుర్చీ సుబ్బుకి ఇచ్చాడు, ఎదురు హోటలుకి కేకేసి టీలు చెప్పాడు. తను నిలబడి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఊరివాళ్లు ఇద్దరు ఒకేసారి రావడం అతనికి పండగే.

“చీటీలతో తలనొప్పిగా ఉండాది ముత్యాలూ,” అన్నాడు పెంచలయ్య. “పోయినేడు పిల్లకాయల నోటుబుక్కు చించి రాసినాం. ఆ కాయితం పలచన. మడత పెట్టినా లోపలి పేరు వెనక్కి కనపడతా ఉండాదని గోల. చీటీలు తీసే మా అమ్మ చూసి తీసిందంట. ఆమెకి ఎదురుగా నిలబడ్డ మనిషే ఆనడు, పేరెట్ట ఆనతాదిరా?”

“నేను అవ్వనేమీ అన్లేదు,” అన్నాడు సుబ్బు. “కనపడింది మాత్రం నిజం. మా చిన్నాయన పేరు మడతలో నించి నాకే కనపడింది.”

“చూసినావా, ఇదీ వరస. అందుకని ఈసారి మిషన్లో కొట్టించాలనుకున్నాం. అన్నీ ఒకే కాయితం, ఒకే అక్షరం. ఎలుగులో పెట్టినా వెనకనించి కనపడగూడదు. చేత్తో తడిమితే ఇది ఫలానా వాడిదని తెలవగూడదు. సోమవారం పొద్దున తీస్తాం. నువ్వే తీసుకొస్తే ఇంకా మంచిది, దోవలో ఎవురో మార్చినారనే మాట రాదు.”

“నేనే తెస్తా మామా,” అన్నాడు ముత్యాలయ్య.

సుబ్బు పేర్లన్నీ ఫోన్లో పంపించి, బయటికి పోయి బండి స్టార్ట్ చేశాడు. పెంచలయ్య మెట్లు దిగి, చెప్పుల్లో కాలు దూర్చుకుంటూ, అది సరిగ్గా దూరక తంటాలు పడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

“నీది గూడా ఎయ్యి. ఊరోడివే గదా.”

“నాదా మామా?”

“ఏం, నీకొద్దా?”

పెంచలయ్య జవాబు కోసం ఆగలేదు. చెప్పు ఎక్కించుకుని, బండెక్కి, సుబ్బు భుజం పట్టుకుని వెళ్లిపోయాడు. ముత్యాలయ్య ఆ మెట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. కాపీ కోసం వచ్చిన ఒక ఉద్యోగి మూడుసార్లు పిలిచాక గానీ లోపలికి రాలేదు.

వంతు వస్తే అతను ఏం చేసుకుంటాడని మీరు అడగొచ్చు. గెడ వేయలేడు, వల లాగలేడు. నిజమే. వంతు వచ్చిన రోజున వరసకు తమ్ముడయ్యేవాళ్లనెవరినైనా పడవెక్కించి, తను ఒడ్డున కూర్చుని చూస్తాడు. “ఈ పొద్దు ఎవురి వంతు?” అని ఎవరైనా అడిగితే “ముత్యాలయ్యది” అంటారు. అది చాలు. అతనికి కావాల్సింది రొయ్య కాదు. పెంచలయ్యకు ఫోన్ చేసి “నిజంగానే వేయమన్నావా మామా?” అని ఒకసారి అడగాలని ఆ రోజంతా అతని చెయ్యి ఫోన్ మీదికి పోతూనే ఉంది. అడిగితే ఆయన ఆలోచనలో పడతాడేమో, ‘నలుగుర్నీ ఒక మాట అడిగి చెప్తాలే’ అంటాడేమోనని భయపడి చేయలేదు.

ఆదివారం పొద్దున్నుంచీ కాగితం గురించే ధ్యాస. వెనక నుంచి కనపడకూడదంటే దళసరిది కావాలి. వేరే ఎవరైనా వచ్చి ఇదే అడిగి ఉంటే, నున్నగా ఉండే మంచి దళసరి కాగితం ఒకటి చూపించి “దీని మీద అక్షరం రాయిలాగా పడతాది” అని చెప్పేవాడు. అలాంటి ప్యాకెట్ మంచం మీద ఉండనే ఉంది. కానీ దాని కింద, అట్టముక్కల మధ్య పెట్టి దాచిన ఇంకొక రకం ఉంది. ఎప్పుడో కోవూరు పెళ్లివాళ్లు శుభలేఖల కోసం తెప్పించగా మిగిలినవి. మీగడ రంగు, వేలికి నేతబట్టలాగా తగిలే గరుకు, దీపానికి ఎదురుగా పెట్టినా అవతల ఏముందో ఆనవాలు తెలియదు. అంత మంచి కాగితాన్ని అతను ఇన్నేళ్లూ ఎవరి పనికీ వాడలేదు. ఆధార్ కార్డులకి వాడేదా అది? ఎందుకు దాచాడో అతనికే తెలియదు. ఇప్పుడు తెలిసిందనిపించింది. మా ఊరి పేర్లు ఉత్త కాగితం మీదెందుకు వేయాలి అనుకున్నాడు. జనానికి అంత చెప్పే మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి చెవి దగ్గర పెట్టుకుని వినడం కూడా మరిచిపోయాడు.

సాయంత్రం షట్టర్ సగం దించి పనిలో కూర్చున్నాడు. పెంచలయ్య లాంటివాళ్లు అద్దాలు లేకుండా చదవాలి కాబట్టి అక్షరాలు పెద్దవి పెట్టాడు. సుబ్బు పంపిన పేర్లన్నీ కొట్టేసరికి షీట్లు నిండాయి. చివరన ఒక కొత్త షీటులో, నట్టనడిమిన, తన పేరు ఒక్కటే కొట్టుకున్నాడు. కొట్టాక కాసేపు అలాగే చూశాడు. ప్రింట్ నొక్కితే ఒక్కొక్కటే మెల్లగా బయటికి వచ్చాయి. మీగడ మీద నల్లటి అక్షరాలు. ఎంత అందంగా ఉన్నాయంటే, పక్కన ఎవరైనా ఉంటే పిలిచి చూపించేవాడు. ఎవరూ లేరు. చివరి షీటు వచ్చీ రాగానే కత్తెర తీసుకుని ముందుగా తన పేరే కత్తిరించుకున్నాడు. చిన్నపిల్లవాడి ఆత్రం. కత్తిరించి జేబులో పెట్టుకున్నాక, మిగతావాటిలో పై షీటు తీసుకుని, అలవాటు కొద్దీ మూలనున్న అక్షరాన్ని బొటనవేలితో రుద్దాడు.

వేలికి మసి వచ్చింది.

ఇంకొక షీటు రుద్దాడు, అదీ అంతే. కాగితం చెమ్మగా ఉంది, దళసరిగా ఉంది, గరుకుగా ఉంది. మిషన్ దాన్ని మామూలు కాగితమనుకుని మామూలు వేడే ఇచ్చింది. సెట్టింగ్ దళసరికి మార్చాలన్న సంగతి, రోజుకి పదిమందికి పాఠం చెప్పే సంగతి, అతనికే గుర్తు లేదు. తనని తాను నాలుగు తిట్టుకున్నాడు. మిగిలిన తెల్ల షీట్లను మిషన్ మీద పరిచి, ఆ వేడికి కాస్త ఆరనిచ్చి, సెట్టింగ్ మార్చి, ఊరివాళ్ల పేర్లన్నీ మళ్లీ మొదటినుంచీ ప్రింట్ చేశాడు. ఈసారి మిషన్ ఆగి ఆగి, ఒక్కొక్క షీటునీ బాగా వేడెక్కించి వదిలింది. బొటనవేలితో రుద్దాడు, గోటితో గీకాడు. అక్షరం కదల్లేదు. హమ్మయ్య అనుకున్నాడు.

అప్పటికి ఆ కాగితం అయిపోయింది. ఊరివాళ్లందరి పేర్లకూ సరిపోయింది, తన ఒక్కడి పేరుకే షీటు లేదు. పాడైన షీట్ల నిండా ఊరివాళ్ల పేర్లే, మొదట తను కత్తిరించుకున్న షీటులో మిగిలినవి ట్రేలో నిలబడని పేలికలు. జేబులోని చీటీ మళ్లీ మిషన్లో పెట్టేంత పెద్దది కాదు. వేరే కాగితం మీద వేస్తే తడిమిన చేతికి తేడా తెలిసిపోతుంది, అసలు వాళ్లు వద్దన్నదే అది. అందరివీ కలిపి మంచం మీదున్న ఆ నున్నటి దళసరి కాగితం మీద మూడోసారి వేయొచ్చు. వేయొచ్చు గానీ, తన ఒక్క పేరు కోసం ఊరందరి పేర్లూ ఆ మంచి కాగితం నుంచి దించడానికి అతనికి మనసు ఒప్పలేదు. జేబులోంచి చీటీ తీసి చూశాడు. పేరు నల్లగా, నిండుగానే ఉంది. తాకకపోతే ఏమీ కాదు. “నాదే గదా, ఏమవుతాదిలే” అనుకున్నాడు. ఆ మనిషి బతుకంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. నాకు కోపం వచ్చేది అక్కడే.

సోమవారం పొద్దున తల స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని బస్సెక్కాడు. ఊరివాళ్ల చీటీలు ప్లాస్టిక్ డబ్బాలో ఒళ్లో ఉన్నాయి. తనది చొక్కా జేబులోనే ఉంది. దాన్ని కూడా డబ్బాలో వేయొచ్చు కదా అని మీరు అంటారు. అతనూ అనుకున్నాడు. కానీ కాసేపు దగ్గర ఉంచుకోవాలనిపించింది. టికెట్ కొన్నప్పుడు టికెట్నీ అదే జేబులో పెట్టాడు. కిటికీ పక్కన కూర్చుని సరస్సు కనపడినప్పుడల్లా జేబులోకి వేళ్లు పోనిచ్చి, చీటీ ఉందా లేదా అని తడుముకున్నాడు. ఉంది. బస్సు మలుపు తిరిగిందంటే మళ్లీ తడుముకున్నాడు. పేరు ఎటుపక్క ఉందో ఆ గరుకు మీద బొటనవేలికి తెలుస్తుందేమోనని మెల్లగా నిమిరాడు. పెంచలయ్య తన పేరు చదివేటప్పుడు ఎలా చదువుతాడు, ఉత్త ముత్యాలయ్య అంటాడా, ఇంటిపేరుతో అంటాడా, అనగానే ఎవరు ముందు తిరిగి చూస్తారు అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. వేలు తన పని తను చేసుకుపోయింది.

సరస్సు ఒడ్డున వలల పాక ముందు ఊరంతా చేరింది. మగవాళ్లు ఇసకలో గొంతుక్కూర్చున్నారు, ఆడవాళ్లు పాక నీడన నిలబడ్డారు. ముత్యాలయ్యను చూడగానే ఎవరో “చుట్టానికి కుర్చీ ఎయ్యండబ్బా” అన్నారు. ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. తనూ ఇసకలోనే కూర్చుంటానన్నాడు గానీ, నడుము నొప్పి మనిషివని బలవంతాన కూర్చోబెట్టారు. వరసకు వదినయ్యే వనజాక్షి గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

“ఎట్టుండావబ్బయ్యా? ఉంటావా రెండ్రోజులు, ఈ పొద్దే పోతావా?”

“చూస్తా వదినా,” అన్నాడు. వంతు తేలాక చెప్దామనుకున్నాడు.

డబ్బా తెరిచి చీటీలు అందరికీ చూపించారు. సుబ్బు ఒకదాన్ని ఎండకు ఎదురుగా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, వెనక నుంచి ఏమీ కనపడటం లేదని ఒప్పుకున్నాడు. ఒక్కొక్క చీటీనీ చుట్టచుట్టి బిందెలో వేస్తున్నారు. ముత్యాలయ్య కూడా జేబులోంచి తనది తీసి, అందరి ముందూ తన పేరు తనే చూసుకుంటే ఏం బాగుంటుందని సిగ్గుపడి, చూడకుండానే లోపలికి చుట్టి బిందెలో వేశాడు. అంత సందడిలో అతను వేయడం ఎవరూ పట్టించుకోలేదు. పెంచలయ్య తల్లి కామమ్మను బిందె ముందు కూర్చోబెట్టారు. సరిగా చూపు ఆనదు కాబట్టే చీటీ ఆమె చేత తీయిస్తారు. ఆమె సరస్సు వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, బిందెలో చెయ్యిపెట్టి కలిపి, మొదటిది తీసి కొడుక్కి ఇచ్చింది.

మొదటి పేరు శివది. ఈలలు వేశారు. మొదట్లో వచ్చే వంతులు రొయ్య నిండుగా ఉన్నప్పుడు వస్తాయి, వాటికోసమే అందరి ఆశా. రెండోది కోటయ్య అనే ముసలాయనది. మూడోది విప్పి పెంచలయ్య ఆగిపోయాడు. ముందు పక్క చూశాడు, తిప్పి వెనక పక్క చూశాడు, కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

“ఇదేంది, ఏమీ లేదే. ఖాళీ కాయితం.”

ముత్యాలయ్య తన బొటనవేలు చూసుకున్నాడు. గీతల మధ్య మసి ఉంది. మెడ వంచి జేబులోకి చూసుకున్నాడు. తెల్లచొక్కా జేబు లోపల బూడిదరంగు మరక, టికెట్ మీద మరక. పేరంతా అక్కడ ఉంది.

చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. పెంచలయ్య చెయ్యెత్తి ఆపాడు. “గోల జెయ్యబాకండి. దీన్ని ఇట్ట పక్కన పెడతా ఉండా. అన్నీ తీసినాక ఎవురి పేరైతే రాలేదో, ఈ మూడో వంతు వాళ్లది. అంతేనా?” అందరూ అంతేనన్నారు. ఆయన ఆ చీటీ మీద ఒక ఆల్చిప్ప బరువు పెట్టాడు.

అది న్యాయమైన మాట. పేరు పోతే పోయింది, వంతు పోలేదు. పైగా మూడో వంతు. ముత్యాలయ్య కుర్చీలో ముందుకు జరిగి కూర్చుని, వచ్చే ప్రతి పేరునీ విన్నాడు. అంత నిండుగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి మిగతా పేర్లు. ఒక్కొక్కరూ తమ పేరు రాగానే లేచి ఏదో ఒకటి అంటున్నారు, పక్కవాళ్లు వీపు తడుతున్నారు. సుబ్బు వంతు బాగా వెనక్కి పోయింది, అయినా ఈసారి వాడు కిమ్మనలేదు. బిందె అడుగుకి కామమ్మ చెయ్యి తగిలిన చప్పుడు వినిపించింది. ఆఖరి పేరు కూడా చదివేశారు.

“ఇప్పుడు చెప్పండి,” అన్నాడు పెంచలయ్య ఆల్చిప్ప తీసి చీటీ పైకెత్తి. “ఎవురి పేరు రాలేదు?”

ఇసకలో కూర్చున్నవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అన్న తమ్ముణ్ణి చూశాడు, తమ్ముడు బావని చూశాడు. మాది వచ్చింది, మాదీ వచ్చింది, మీదీ వచ్చిందిగా అనుకున్నారు. పాక నీడనున్న ఆడవాళ్లు తమ తమ ఇళ్ల పేర్లు గుర్తు చేసుకుని వచ్చాయన్నారు. సుబ్బు ఫోన్ తీసి, తను పంపిన పేర్లన్నీ పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూశాడు.

“అందరివీ వచ్చినాయి మామా. ఒక్కటి గూడా తప్పలేదు.”

ముత్యాలయ్య నోరు తెరిచి ‘అది నాది’ అంటే ఇచ్చేవాళ్లే. పెంచలయ్య నాలుక కరుచుకుని ‘అవును, నేనే ఎయ్యమంటిని’ అనేవాడు. ఊరు కాదనేది కాదు. ఆ సంగతి ముత్యాలయ్యకు తెలుసు. కానీ అతను ఎదురుచూసింది ఇంకొక మాట కోసం. ఇంతమందిలో ఏ ఒక్కరైనా, వనజాక్షి వదినైనా, చూపు లేని కామమ్మైనా, ‘ముత్యాలయ్యది రాలేదే’ అంటారని ఎదురుచూశాడు. రాని పేరు ఒకటుందని ఎవరికైనా తోస్తుందని ఆశపడ్డాడు. గాలికి పాక మీది ఆకులు కదిలాయి. ఎవరూ అనలేదు. వాళ్లకు అతని మీద కోపం లేదు, పగ లేదు. తోచలేదు, అంతే. అతనికి ఏడుపు వచ్చింది, గ్లాసులో మిగిలిన నీళ్లు తాగి దాన్ని మింగేశాడు.

పెంచలయ్య ఖాళీ చీటీని తిప్పి చూసి, కుర్చీ వైపు తిరిగాడు. ఆయన కళ్లలో రెండు రోజుల కిందటి మాట జాడ కూడా లేదు.

“ముత్యాలూ, ఒకటి ఎక్కువ కోసినట్టుండావే?”

“ఎక్కువే కోసినా మామా,” అన్నాడు ముత్యాలయ్య. “నా పొరపాటే.”

పెంచలయ్య చీటీని ఇసకలోకి వదిలేసి, నాలుగో పేరువాణ్ణి మూడో వంతుకి జరిపాడు. ఆ వెనకున్న అందరి వంతులూ వరసగా ఒక్కొక్కటి ముందుకు జరిగాయి. అనుకోకుండా కలిసొచ్చినందుకు ఊరంతా సంతోషపడింది.